తయారీ ఆగిపోయిన తలుపు తాళానికి కొత్త తాళంచెవి చేయించుకోవడం ఎలా

"కంపెనీవాళ్ళు ఆ తాళం చేయడం మానేశారట, మా దగ్గర ఒక్క తాళంచెవే మిగిలింది, ఇప్పుడు తలుపు కోసి కొత్త తాళం పెట్టించాల్సిందేనా?" అన్న ప్రశ్న నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాఠకుల నుంచి పదే పదే వస్తోంది. ముప్ఫై నలభై ఏళ్ళ కిందట టేకు తలుపులతో కట్టుకున్న ఇళ్ళలో అప్పటి తాళాలే ఇంకా పనిచేస్తున్నాయి. పిల్లలు హైదరాబాదులోనో బెంగళూరులోనో స్థిరపడి, పెద్దవాళ్ళు కూడా అక్కడికే వెళ్ళిపోయాక, ఆ ఇళ్ళు సంక్రాంతికో ఊరి తిరునాళ్ళకో తప్ప తెరుచుకోవడం లేదు. అలా నెలల తరబడి మూసి ఉన్న తలుపు ముందు సామానుతో నిలబడి, తిరగని చెవితో అవస్థ పడే పరిస్థితి ఎవరికీ రాకూడదనే ఈ వివరం రాస్తున్నాను.

సమాధానం ముందే చెబుతాను. చాలా సందర్భాల్లో తలుపు కోయనక్కరలేదు, తాళం కూడా మార్చనక్కరలేదు. తాళం రంధ్రంలోకి సరిగా దూరే ఖాళీ చెవి, దాని మీద సరైన లోతున పడిన గాట్లు, లోపల శుభ్రంగా ఉన్న తాళం, ఈ మూడూ ఉంటే కంపెనీతో పని లేకుండానే కొత్త చెవి తయారవుతుంది. అయితే అరిగిపోయిన చెవిని జేబులో వేసుకుని నేరుగా డూప్లికేటు కోసే దుకాణానికి వెళ్ళకండి. ఆ పని అన్నిటికంటే చివర చేయాలి. ముందు ఇంటి దగ్గర చేయవలసింది చాలా ఉంది, దానికి పెద్ద ఖర్చు కూడా లేదు.

ఇది మీ సొంత ఇంటి తాళం గురించి, లేదా యజమాని అనుమతితో మీరు ఉంటున్న ఇంటి తాళం గురించి మాత్రమే. బ్యాంకు లాకరు చెవి పోతే బ్యాంకుకే రాసి ఇవ్వాలి. ఆ చెవికి బయట నకలు చేయించే ప్రయత్నం చేయవద్దు.

కావలసినవి

- ఇంట్లోనూ బంధువుల దగ్గరా ఉన్న ఆ తాళపు చెవులన్నీ, పనిచేయనివి కూడా
- మామూలు స్క్రూడ్రైవరు, స్టార్ స్క్రూడ్రైవరు
- వెర్నియర్ కాలిపర్స్. అది లేకపోతే మిల్లీమీటర్ల గీతలు స్పష్టంగా ఉన్న ఉక్కు స్కేలు
- తుప్పు వదిలించే స్ప్రే (డబ్ల్యూడీ-40 వంటిది), పాత నూలుగుడ్డ
- గ్రాఫైట్ పొడి. దొరకకపోతే 2బీ పెన్సిలు
- నల్లరంగు మార్కరు పెన్ను
- టార్చిలైటు, ఫొటో తీయడానికి ఫోను
- పని జరుగుతున్నంతసేపూ ఇంట్లో ఉండగలిగే మనిషి ఒకరు

చివరిదాన్ని తేలికగా తీసుకోవద్దు. తాళం విప్పి దుకాణానికి తీసుకెళ్ళవలసి వస్తే, ఆ కాసేపు తలుపుకు లోపలి గడియ తప్ప వేరే రక్షణ ఉండదు.

1. తప్పు ఎక్కడుందో తేల్చుకోండి

చెవి తిరగకపోతే అందరూ చెవినే అనుమానిస్తారు. నిజానికి తప్పు మూడు చోట్ల ఉండవచ్చు: చెవిలో, తాళంలో, తలుపులో. తలుపు పూర్తిగా తెరిచి, తాళపు నాలుక గాలిలోకి వచ్చేట్టు చెవి తిప్పి చూడండి. తెరిచి ఉన్నప్పుడు సులువుగా తిరిగి, మూసినప్పుడు మాత్రమే బిగుసుకుంటే, చెవిలో గాని తాళంలో గాని లోపం లేదు. తలుపు కిందికి జారి ఉంటుంది, లేదా చెక్క ఉబ్బి ఉంటుంది; దానివల్ల నాలుక ద్వారబంధంలోని రేకు రంధ్రానికి ఎదురుగా రాకుండా అంచుకు తగులుతూ ఉంటుంది.

మన జిల్లాల్లో పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. ఆ నెలల్లో ఉబ్బిన తలుపుల తాళాలకు కొత్త చెవులు చేయించి, అవీ తిరగడం లేదని బాధపడేవాళ్ళు ఏటా కనిపిస్తారు. అటువంటప్పుడు నాలుక మీద మార్కరు రంగు పూసి, తలుపు మూసి, చెవి తిప్పి, మళ్ళీ తెరిచి ద్వారబంధపు రేకు మీద రంగు ఎక్కడ అంటిందో చూడండి. అంటిన వైపు రేకు రంధ్రాన్ని వడ్రంగి చేత కొద్దిగా ఆకురాయితో రాపించినా, బందుల స్క్రూలు బిగించినా పని జరిగిపోతుంది.

తెరిచి ఉన్నప్పుడు కూడా బిగుతుగానే ఉంటే రెండో మెట్టుకు వెళ్ళండి.

2. తాళాన్ని శుభ్రం చేయండి

తాళం మురికిగా ఉన్నప్పుడు ఎంత మంచి చెవి చేయించినా అది సరిగా పనిచేయదు; పైగా లోపం చెవిదా, మురికిదా అన్నది తేలదు. కొత్తపట్నం, మైపాడు వంటి సముద్రతీరపు ఊళ్ళలో ఉప్పుగాలికి లోపలి స్ప్రింగులు తుప్పు పడతాయి, ఇత్తడికి పచ్చటి కిలుము పడుతుంది. చీమకుర్తి చుట్టుపక్కల గ్రానైటు దుమ్ము తాళం రంధ్రంలోకి చేరి, పోసిన నూనెతో కలిసి గట్టిపడుతుంది. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు వరద నీళ్ళలో నానిన తాళాల లోపల ఎండిన ఒండ్రు ఇంకా ఉండవచ్చు. వాటిని విప్పి కడగకుండా చెవి సంగతి ఆలోచించడం వృథా.

స్ప్రే గొట్టాన్ని రంధ్రంలో పెట్టి రెండు మూడు సార్లు కొట్టండి. చెవిని లోపలికీ బయటికీ ఆడిస్తూ, తీసిన ప్రతిసారీ గుడ్డతో తుడవండి. చెవికి నల్లటి మడ్డి అంటడం మానేవరకు ఇదే చేయాలి. ఒక రోజు ఆరనిచ్చి, ఆ తరువాత గ్రాఫైట్ పొడి కొద్దిగా ఊదండి. పెన్సిలు వాడేట్టయితే దాని ముక్కును చెవి గాట్ల మీద బాగా రుద్ది, ఆ చెవిని పదిసార్లు లోపలికీ బయటికీ ఆడిస్తే సరిపోతుంది.

కొబ్బరి నూనె, కుట్టుమిషను నూనె, ఆముదం పోయవద్దు. పోసిన రోజు బాగానే తిరుగుతుంది, కానీ నెలలు గడిచే కొద్దీ దుమ్మును పట్టుకుని లోపలి పిన్నులను (చెవి గాట్లు జరిపే చిన్న కడ్డీలను) కదలనివ్వదు. తడిగా ఉండగానే గ్రాఫైట్ వేయడం కూడా పొరపాటే. రెండూ కలిసి ముద్దవుతాయి. రంధ్రంలో పిన్నీసు, ఇనుప తీగ పెట్టి కెలకవద్దు. లోపల విరిగిపోతే అసలు సమస్యకు ఇంకొక సమస్య తోడవుతుంది.

చాలా ఇళ్ళలో కథ ఇక్కడే ముగుస్తుంది. శుభ్రం చేశాక పాత చెవే చక్కగా తిరుగుతుంది. అప్పుడు మీకు కావలసింది అదనపు నకలు మాత్రమే, అది ఎంతో సులువు.

3. తాళం ఏ రకమో గుర్తించండి

కంపెనీ పేరు ఒక్కటే చెప్పి చెవి అడిగితే ప్రయోజనం ఉండదు. గోద్రెజ్ వంటి సంస్థ 1897 నుంచి తాళాలు చేస్తోంది. అన్నేళ్ళలో వచ్చిన రకరకాల తాళాలకు ఒకే చెవి పట్టదు కదా. దుకాణదారుకు కావలసింది పేరు కన్నా ఆకారం.

చెవి బల్లపరుపుగా ఉండి, ఒక అంచున కొండల వరుసలా గాట్లు, పక్కల పొడవునా సన్నని గాడులు ఉంటే అది పిన్ సిలిండరు తాళం. తలుపు లోపలివైపు పెట్టెలా బిగించే నైట్ లాచ్‌లలోనూ, తలుపు మందంలో ఇమిడిపోయే మార్టీస్ తాళాలలోనూ, గుండ్రటి పిడి తాళాలలోనూ ఎక్కువగా ఇదే ఉంటుంది. చెవికి గుండ్రటి కాడ, దాని చివర చిన్న రెక్క, ఆ రెక్కకు గాట్లు ఉంటే అది లివర్ తాళం. చెవి బల్లపరుపుగానే ఉండి, అంచున గాట్లకు బదులు ముఖం మీద చిన్న చిన్న గుంటలు ఉంటే అది గుంటల చెవి. దీన్ని మామూలు యంత్రం మీద కోయలేరు, అందుకు వేరే యంత్రం ఉన్న దుకాణమే చూసుకోవాలి.

చేత్తో చేసిన తాళాలు ఇంకొక తెగ. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన తమిళనాడు దిండిగల్ తాళాలు ఇందుకు మంచి ఉదాహరణ. పాత మండువా ఇళ్ళ పెద్ద తలుపులకు, ధాన్యపు కొట్లకు వేలాడే బరువైన తాళాల్లో ఇటువంటివి కనిపిస్తాయి. వీటికి తయారుగా ఉన్న ఖాళీ చెవి దొరుకుతుందని ఆశించవద్దు. ఆకురాయి పట్టి ఇనుప ముక్క నుంచి చెవి తీయగల పనివాడే దీనికి శరణ్యం. ఆ విద్య తెలిసినవారు తగ్గిపోతున్నారు గనుక, అటువంటి తాళం మీ ఇంట్లో ఉంటే చెవి పోయేదాకా ఆగవద్దని గట్టిగా చెబుతున్నాను.

4. చెవులన్నీ పోగుచేసి నమూనాను ఎంచండి

ఈ పనిలో అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది ఇక్కడే. రోజూ వాడిన చెవి అన్నిటికంటే ఎక్కువ అరిగి ఉంటుంది. దాన్నే దుకాణానికి తీసుకెళ్తే యంత్రం దాని అరుగుదలతో సహా నకలు తీస్తుంది. ఆ నకలుకు మళ్ళీ నకలు తీస్తే తేడా ఇంకా పెరుగుతుంది. మూడో తరం నకలు తిరగకపోతే తాళం పాడైందని అనుకుంటారు. అందువల్ల బీరువా అరలో, పూజగదిలో, అమ్మగారి పాత చేతిసంచిలో, ఊళ్ళో బాబాయి గారింట్లో, ఎక్కడ దాచినవైనా సరే, ఆ తాళపు చెవులన్నీ ఒకచోటికి తెప్పించండి. ఎవరూ వాడకుండా ఏళ్ళ తరబడి మూలన పడి ఉన్న చెవే మీకు కావలసిన నమూనా అయ్యే అవకాశం ఎక్కువ.

తాళంతోపాటు వచ్చిన చెవి ఏదో, బజారులో కోయించినది ఏదో వేరు చేయండి. తల మీద తాళం కంపెనీ గుర్తే ఉంటే అది మొదటి చెవి కావచ్చు. వేరే కంపెనీ గుర్తు ఉంటే అది చాలావరకు నకలే. ఆ తరువాత చెవులను రెండేసి చొప్పున వీపులు (గాట్లు లేని అంచులు) ఆనించి, భుజాలు ఒకే గీత మీదికి తెచ్చి, వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. ఇక్కడ భుజం అంటే చెవి లోపలికి వెళ్ళి ఆగిపోయే మెట్టు. గాట్లలో ఎక్కడ తేడా ఉందో కంటికే తెలుస్తుంది.

కాలిపర్స్ ఉంటే ఇంకా మంచిది. ప్రతి గాటు అడుగు నుంచి చెవి వీపు వరకు ఎత్తు కొలిచి, భుజం వైపు నుంచి వరుసగా కాగితం మీద రాసుకోండి. ఒకే గాటు దగ్గర రెండు చెవులకు 0.2 మి.మీ. తేడా వస్తే అది చిన్న తేడా కాదు. పిన్ సిలిండరు తాళాల్లో ఒక లోతుకూ మరో లోతుకూ మధ్య దూరమే మిల్లీమీటరులో సగం అటూ ఇటూగా ఉంటుంది. అరుగుదల ఎప్పుడూ లోహాన్ని తగ్గిస్తుంది, పెంచదు. కాబట్టి తేడా కేవలం అరుగుదల వల్లనే వచ్చినదైతే, ఎత్తు ఎక్కువ ఉన్న కొలతే మొదటి కొలతకు దగ్గర.

వంగిన చెవిని సుత్తితో కొట్టి సరిచేసి నమూనాగా ఇవ్వవద్దు. ఇత్తడి చెవి వంగిన చోట బలహీనపడుతుంది, యంత్రపు బిగింపులో సమంగా కూర్చోదు.

5. అంకెల కోసం వెతకండి

చెవి తల మీద, తాళపు ముఖం మీద, లేదా కొన్నప్పుడు వచ్చిన చిన్న కార్డు మీద, లోహపు బిళ్ళ మీద అంకెలు ఉండవచ్చు. అలమరా, మేజా సొరుగుల తాళాలకు తరచుగా తాళం ముఖం మీదే ఉంటాయి. అయితే చెవి మీద కనిపించిన ప్రతి అంకె గాట్ల లోతును చెప్పే సంకేతం కాదు. బజారులో కోయించిన చెవి మీది అంకె సాధారణంగా ఆ ఖాళీ చెవి రకం నంబరు; దాన్నిబట్టి గాట్లు తెలియవు గాని, అదే రకం ఖాళీ చెవిని ఇంకొకటి తెప్పించుకోవడానికి మాత్రం ఎంతో ఉపయోగపడుతుంది. రెండు రకాల అంకెలనూ వేరువేరుగా రాసి పెట్టుకోండి.

కంపెనీ ఇంకా నడుస్తూ, మోడలు మాత్రమే ఆగిపోయి ఉంటే, వారి వినియోగదారుల విభాగానికి తాళం ఫొటో, అంకెలు పంపి అడగండి. గుంటల చెవులకు ఇది ముందుగా ప్రయత్నించవలసిన మార్గం. కార్డు ఉంటే అప్పుడు పని తేలికవుతుంది. చెవి ఫొటోను వాట్సాప్ గ్రూపుల్లో పెట్టి "ఇది ఎక్కడ దొరుకుతుంది?" అని మాత్రం అడగవద్దు. గాట్లు స్పష్టంగా కనిపించే ఫొటో నుంచి చెవి చేయడం సాధ్యమే. చూపక తప్పని చోట గాట్ల భాగాన్ని వేలితో కప్పి, గాడులు కనిపించే చివరి అంచును మాత్రం ఫొటో తీయండి.

6. ఖాళీ చెవి సంపాదించండి

గాట్లు వేయని చెవిని దుకాణాల్లో బ్లాంక్ అని అడగండి. నెల్లూరు పెద్దబజారులోనో ఒంగోలు ట్రంకు రోడ్డు మీదో ఉన్న హార్డ్‌వేర్ దుకాణాల్లోనూ, చెవులు కోసేవారి దగ్గరా ముందు చూడండి. నమూనా చెవి కన్నా తాళాన్నే విప్పి తీసుకెళ్ళడం ఎంతో మంచిది. పెట్టె తాళానికైతే లోపలివైపు స్క్రూలు విప్పితే వస్తుంది. విప్పేముందు ప్రతి దశలోనూ ఫొటో తీసుకుని, స్క్రూలు ఒక గిన్నెలో వేసుకోండి.

ఖాళీ చెవి సరైనదో కాదో కోయకముందే పరీక్షించాలి. పిన్ సిలిండరు ఖాళీ చెవి తాళంలోకి చివరిదాకా, భుజం ఆనే వరకు, బలవంతం లేకుండా దూరాలి. పైకీ కిందికీ వదులుగా ఆడకూడదు. నమూనా చెవి పక్కన పెట్టి పొడవు, మందం, గాడుల ఆకారం, భుజం నుంచి కొన వరకు దూరం పోల్చండి. "కొంచెం తేడా ఉంది గాని ఆకురాయితో రాస్తే దూరుతుంది" అన్న మాటకు ఒప్పుకోవద్దు. గాడి వేరైన చెవిని రాసి దూర్చితే అది లోపల ఒక పక్కకు ఒరుగుతుంది, గాట్లు పిన్నుల కింద సరిగా రావు, ఒక రోజు లోపలే ఇరుక్కుంటుంది.

మన దగ్గర దొరకకపోతే నెల్లూరు వైపు వారికి చెన్నై ప్యారీస్ ప్రాంతం, ఒంగోలు వైపు వారికి విజయవాడ వన్ టౌన్ దగ్గరి టోకు బజార్లు. ఎవరైనా తెలిసినవారు వెళ్తుంటే నమూనా చెవిని ఇచ్చి పంపవద్దు. ఖాళీ చెవి రకం నంబరు, గాడుల ఫొటో, కాగితం మీద కొలతలు ఇచ్చి పంపండి. ఒక్కటి కాదు, నాలుగైదు కొనమనండి. ఆ రకం మళ్ళీ దొరకకపోవచ్చు, కోసేటప్పుడు ఒకటి రెండు పాడవడం కూడా మామూలే. పాత ఇనుప సామాను అమ్మే దుకాణంలో అదే మోడలు తాళం దొరికితే వదలకండి, విడిభాగాలకు పనికివస్తుంది.

7. కోయించండి

దర్శి, ఆత్మకూరు వంటి చోట్ల చేత్తో కోసే పనివాడు ఉన్నా, పట్టణంలో యంత్రం ఉన్నా, పనివాడి చేతి నైపుణ్యమే అసలు సంగతి. దగ్గరే నిలబడి ఈ విషయాలు గమనించండి: నమూనా, ఖాళీ చెవి రెండూ బిగింపులో ఒకే ఎత్తున కూర్చున్నాయా, రెండింటి భుజాలూ ఒకే గీతకు వచ్చాయా, కోత అయ్యాక అంచుల్లో మిగిలిన పొరకలను బ్రష్షుతోనో సన్నటి ఆకురాయితోనో తీశారా. పొరకలతో ఉన్న చెవిని తాళంలో పెడితే ఇత్తడి రజను లోపల రాలి పిన్నులకు అడ్డం పడుతుంది.

దొరికినవాటిలో మంచి చెవి కూడా కొంత అరిగి ఉంటే పనివాడిని ఒక ఉపాయం అడగండి. యంత్రంలో నమూనా చెవి కింద పలుచని రేకు ముక్క పెడితే అది కొద్దిగా పైకి లేచి, కొత్త చెవిలో కోత ఆ మేరకు తక్కువ లోతున పడుతుంది. ఆ తరువాత తాళంలో తిప్పి చూస్తూ, పిన్నుల గుర్తులు పడిన చోట మాత్రమే ఆకురాయితో కొంచెం కొంచెం దించుకుంటూ రావచ్చు. లోహం తీయడం ఎప్పుడైనా చేయవచ్చు, తిరిగి పెట్టడం కుదరదు. ఓపిక ఉన్న పనివాడు దొరికితే, దీనికి కొంచెం ఎక్కువ డబ్బు అడిగినా ఇవ్వండి. అది న్యాయమైన కూలి.

ఇత్తడి ఖాళీ చెవి, దాని మీద తెల్లటి పూత వేసినది, ఉక్కుది, మూడూ బజారులో ఉంటాయి. పాత ఇత్తడి సిలిండరుకు ఇత్తడి చెవే పెట్టండి. ఉక్కు చెవి తాను అరగదు గాని తాళాన్ని అరగదీస్తుంది. ఈ తాళం ఇంకొకటి దొరకదని గుర్తుంచుకోండి.

8. తలుపు తెరిచి ఉంచి పరీక్షించండి

కొత్త చెవిని తలుపు మూసి పరీక్షించడం అన్నిటికన్నా పెద్ద తప్పు. తాళం వేయడానికి తిరిగిన చెవి, తెరవడానికి తిరగకపోతే మీరు బయట ఉండిపోతారు. తలుపు బార్లా తెరిచి, పాత చెవి చేతిలో ఉంచుకుని, కొత్తదానితో కనీసం ఇరవై సార్లు వేసి తీయండి. రెండు చుట్లు తిరిగే తాళమైతే రెండో చుట్టు కూడా చూడండి. బయటి నుంచీ లోపలి నుంచీ చెవి పట్టే తాళానికి రెండు వైపులా విడివిడిగా చూడాలి. మధ్యలో ఆపి చెవిని లాగండి. అది బయటికి వచ్చేస్తే చెవి గాట్లో తాళమో బాగా అరిగాయని అర్థం.

తేడా వచ్చినప్పుడు లక్షణాన్ని బట్టి కారణం చెప్పవచ్చు.

చెవి పూర్తిగా లోపలికి వెళ్ళినా తిరగకుండా, వెంట్రుకవాసి బయటికి లాగితే తిరిగితే, భుజాన్ని సరిగా ఆనించకుండా కోశారు. గాట్లన్నీ పక్కకు జరిగాయి. దాన్ని రాసి సరిచేయవద్దు, కొత్త ఖాళీ చెవి మీద మళ్ళీ కోయించండి.

చెవిని పైకో కిందికో కొద్దిగా ఒత్తితే తిరిగితే, ఒకటి రెండు గాట్ల లోతు తప్పింది. గాట్ల మీద మార్కరు రంగు పూసి, లోపల పెట్టి మెల్లగా తిప్పబోయి తీస్తే, ఎక్కువ ఒత్తిడి పడిన చోట రంగు చెరిగి ఉంటుంది. ఆ గాటు నిలువునా కొద్దిగా దించితే చాలు. పాత చెవితో పోలిస్తే ఆ గాటు అప్పటికే లోతుగా ఉంటే మాత్రం రాయడం మానేయండి.

లోపలికి వెళ్ళడమే కష్టంగా ఉంటే గాట్ల మధ్య శిఖరాలు మరీ నిటారుగా ఉన్నాయి, లేదా పొరకలు మిగిలాయి. తీసేటప్పుడు పట్టుకుంటే కూడా ఇదే కారణం. శిఖరాల వాలును సన్నటి ఆకురాయితో నునుపు చేయిస్తే సరిపోతుంది.

ఎప్పుడూ పటకారుతో చెవిని తిప్పవద్దు. వేళ్ళకు లొంగనిది పటకారుకు లొంగితే అది తిరగడం కాదు, విరగడం. ఇత్తడి చెవి లోపల విరిగి మిగిలిన ముక్క తీయడానికి తాళాన్ని విప్పక తప్పదు.

తెరిచి ఉన్నప్పుడు ఇరవై సార్లూ నిరాటంకంగా తిరిగాక, లోపల ఒక మనిషిని ఉంచి, తలుపు మూసి అదే పరీక్ష మళ్ళీ చేయండి.

9. ఒక్క చెవీ లేకపోతే

ఈ పని మీరు చేయవద్దు, అనుభవం ఉన్న పనివాడికి అప్పగించండి. లివర్ తాళమైతే అతను తాళాన్ని విప్పి, పైమూత తీసి, ఒక్కొక్క లివర్ (చెవి పైకి లేపే లోపలి పలక) ఎంత ఎత్తు లేవాలో చూస్తూ ఖాళీ చెవిని రాసుకుంటూ వస్తాడు. కొందరు ఖాళీ చెవికి దీపపు మసి పట్టించి, లోపల తిప్పి, మసి చెదిరిన చోట్లను బట్టి గాట్లు తీస్తారు. పిన్ సిలిండరును కూడా విప్పి, పిన్నుల పొడవును బట్టి కొత్త చెవికి గాట్లు వేయవచ్చు, లేదా కొత్త చెవికి తగ్గట్టు పిన్నులే మార్చవచ్చు. పోయిన చెవి ఇంటి చిరునామాతో కలిసి పోయి ఉంటే, సంచి దొంగతనం జరిగి ఉంటే, పిన్నులు మార్పించడమే సరైన పని. అప్పుడు పాత చెవి ఎవరికి దొరికినా మీ తలుపు తెరుచుకోదు.

వచ్చిన పనివాడు ఇల్లు మీదేనని రుజువు అడిగితే నొచ్చుకోకండి. కరెంటు బిల్లో ఆధారు కార్డో చూపండి. అడిగేవాడే నమ్మదగినవాడు. పని మొదలుపెట్టకముందే కూలి ఎంతో, డ్రిల్లు వాడవలసి వస్తే ముందు మీకు చెప్పాలన్న సంగతి మాట్లాడుకోండి. చూసీ చూడగానే డ్రిల్లు తీసే మనిషైతే వేరొకరిని పిలవడం మంచిది.

10. తాళం భాగమే మార్చవలసి వస్తే

ఖాళీ చెవి ఎక్కడా దొరకలేదు, లేదా మంచి చెవితో కూడా తాళం పట్టు తప్పుతోంది. అప్పుడు కూడా తలుపు కోయవలసిన అవసరం చాలాసార్లు ఉండదు, ఎందుకంటే సిలిండరు ఒక్కటే విడిగా దొరుకుతుంది.

మార్టీస్ తాళంలో సిలిండరు పైన గుండ్రంగా, కింద సన్నగా ఉంటే, తలుపు అంచున ఉండే రేకు మీద దానికి ఎదురుగా ఒక పొడవైన స్క్రూ కనిపిస్తుంది. దాన్ని పూర్తిగా విప్పి, చెవిని లోపల పెట్టి కొద్దిగా తిప్పితే, మధ్యలోని నాలుక సిలిండరు ఆకారంలో కలిసిపోయి, మొత్తం బయటికి జారి వస్తుంది. రాకపోతే బలవంతం చేయకుండా చెవిని ఇంకొంచెం అటూ ఇటూ తిప్పి చూడండి. బయటికి వచ్చాక స్క్రూ రంధ్రం మధ్య నుంచి రెండు కొనల వరకు విడివిడిగా కొలవండి. 30, 30 వస్తే 60 మి.మీ. సిలిండరు, 35, 35 వస్తే 70. రెండు వైపులా ఒకే కొలత ఉండాలని లేదు, అందుకే మొత్తం పొడవు మాత్రమే చెప్పి కొనకూడదు. బిగించాక బయటివైపు పట్టీ నుంచి సిలిండరు మూడు మిల్లీమీటర్ల కన్నా ఎక్కువ పొడుచుకు రాకూడదు. పొడుచుకు వచ్చినదాన్ని పట్టుకుని విరచడం దొంగకు తేలిక.

నైట్ లాచ్‌కు బయటి సిలిండరు వెనుక నుంచి ఒక చదునైన ఇనుప పట్టీ లోపలి పెట్టెలోకి వస్తుంది. కొత్తది కొనేముందు తలుపు రంధ్రం వ్యాసం, తలుపు మందం కొలుచుకోండి. కొత్త పట్టీ పొడవుగా వస్తుంది, కోసుకోవాలి. పాతదాని పక్కన పెట్టి గీత గీసి, ఆ గీతకు కొంచెం అవతలే కోయండి.

మార్టీస్ తాళం మొత్తమే మార్చాలంటే నాలుగు కొలతలు కావాలి: తలుపు అంచు నుంచి సిలిండరు మధ్య వరకు, పిడి రంధ్రం మధ్య నుంచి సిలిండరు మధ్య వరకు, అంచు రేకు పొడవు, వెడల్పు. పిడి రంధ్రం నుంచి సిలిండరు వరకు 85 మి.మీ. ఉన్న తాళాలు బజారులో సులువుగా దొరుకుతాయి. మీ పాత తాళానికి వేరే కొలత వస్తే, తలుపుకు కొత్త రంధ్రం పెట్టించే ముందు పాత రంధ్రాన్ని కప్పగల వెడల్పైన పట్టీ ఉన్న తాళం వెతకండి. పాత టేకు తలుపు దొరకడం పాత తాళం దొరకడం కన్నా కష్టం.

పని పూర్తయ్యాక

కొత్తగా చేసిన చెవుల్లో ఒకదాన్ని ఎవరూ వాడకుండా విడిగా దాచండి. ఇకమీదట నకళ్ళన్నీ దాని నుంచే తీయించాలి. దానితోపాటు ఖాళీ చెవి రకం నంబరు, మీరు కొలిచిన గాట్ల ఎత్తులు, మిగిలిన ఖాళీ చెవులు ఒక కవరులో పెట్టండి. ఆ కవరు మీద ఇంటి చిరునామా రాయవద్దు. మూసి ఉంచే ఇల్లయితే ఒక చెవిని ఊళ్ళోని దగ్గరి బంధువుకిచ్చి, రెండు మూడు నెలలకొకసారి తాళం తీసి వేయమనండి. కదలకుండా ఉండిపోయిన తాళమే ముందు బిగుసుకుంటుంది. కొత్త చెవి వాడడం మొదలుపెట్టిన నెల రోజులకు దాన్ని తీసి గాట్ల మీద చేయి పెట్టి చూడండి. ఒకే గాటు మెరిసి, మిగతావి మామూలుగా ఉంటే, తాళం పూర్తిగా పట్టేయకముందే దాన్ని మళ్ళీ పనివాడికి చూపించండి.